ఉద్యోగం కోల్పోయిన బీమా కార్మికులకు నిరుద్యోగ భృతి: అర్హతలు, అనర్హతలు, దరఖాస్తు విధానం

కర్మాగారం మూతపడినా, యాజమాన్యం సిబ్బందిని తగ్గించినా ముందుగా దెబ్బతినేది నెల జీతంపై ఆధారపడిన కార్మిక కుటుంబమే. అటువంటి సమయంలో కొంతకాలం పాటు ఆసరా కల్పించే నిమిత్తం, ఇ.ఎస్.ఐ.గా అందరికీ సుపరిచితమైన కార్మిక రాజ్య బీమా సంస్థ నిరుద్యోగ భృతి పథకాలను రూపొందించింది. అయితే ఈ పథకాల గురించి తెలియకనో, ఉద్యోగం వీడిన రోజున ఇచ్చిన కాగితాల కారణంగానో అర్హులైన పలువురు ఈ ప్రయోజనాన్ని పోగొట్టుకొనే అవకాశమున్నది. భృతి లభించేదీ లేనిదీ ప్రధానంగా రెండు అంశాలపై ఆధారపడి ఉంటుంది. మొదటిది, కార్మికుని పేర ఎన్ని రోజులకు చందా జమ అయినది. రెండవది, ఉద్యోగం ఏ కారణంగా పోయినట్లు రికార్డులలో నమోదైనది. ఈ రెండింటి గురించి ప్రతి కార్మికుడు ఉద్యోగంలో ఉండగానే తెలుసుకొనడం శ్రేయస్కరం.

ఇది చదువుకున్న నిరుద్యోగుల భృతి కాదు

నిరుద్యోగ భృతి అనగానే ఉద్యోగం రాని పట్టభద్రులకు ప్రభుత్వాలు ఇచ్చే నెలవారీ సహాయం గుర్తుకు రావడం సహజం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న ప్రారంభమై, 2019లో ప్రభుత్వం మారిన తరువాత నిలిచిపోయిన ముఖ్యమంత్రి యువనేస్తం పథకం అటువంటిది. ఇ.ఎస్.ఐ. భృతి దానికి భిన్నమైనది. ఇది ఉద్యోగం చేస్తూ, జీతం నుండి బీమా చందా చెల్లించి, అనంతరం ఆ ఉద్యోగాన్ని కోల్పోయిన వారికి మాత్రమే వర్తిస్తుంది. విద్యార్హతతో గాని, కుటుంబ ఆదాయంతో గాని, తెల్ల రేషను కార్డుతో గాని దీనికి సంబంధం లేదు. కార్మికుడు చెల్లించిన చందాకు ప్రతిగా లభించే హక్కుగా దీనిని భావించవలసి ఉన్నది.

బీమా పరిధిలోకి వచ్చేవారు

సాధారణంగా పది మంది లేదా అంతకు మించి పనిచేసే కర్మాగారాలు, దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లు, రోడ్డు రవాణా సంస్థలు, ప్రైవేటు విద్యా సంస్థలు, ప్రైవేటు ఆసుపత్రులు ఇ.ఎస్.ఐ. పరిధిలోకి వస్తాయి. నెలకు రూ.21,000 వరకు వేతనం పొందేవారు బీమా వ్యక్తులుగా నమోదు అవుతారు. దివ్యాంగులకు ఈ పరిమితి రూ.25,000. రూ.21,000 పరిమితి 2017 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. చందా రేట్లు 2019 జులై 1 నుండి తగ్గించబడినాయి. తదనుగుణంగా కార్మికుని వేతనం నుండి 0.75 శాతం మినహాయించగా, యజమాని తన వంతుగా 3.25 శాతం చెల్లించవలసి ఉంటుంది.

కాంట్రాక్టరు ద్వారా పనిలో చేరిన వారికి కూడా ఈ బీమా వర్తిస్తుంది. కాంట్రాక్టరు చందా చెల్లించని పక్షంలో ప్రధాన యజమానే ఆ బాధ్యత వహించవలసి ఉంటుంది. కనుక కాంట్రాక్టు కార్మికులు తమకు హక్కు లేదని భావించనవసరం లేదు.

రెండు పథకాలు

ఉద్యోగం కోల్పోయిన బీమా కార్మికుల కొరకు ఇ.ఎస్.ఐ. సంస్థ రెండు పథకాలను ప్రవేశపెట్టింది. మొదటిది 2005 ఏప్రిల్ 1న ప్రారంభమైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. రెండవది 2018 జులై 1న ప్రారంభమైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఈ రెండింటి అర్హతలు, భృతి కాలం వేర్వేరుగా ఉంటాయి. మొదటి పథకంలో ప్రయోజనం అధికం, షరతులు కఠినం. రెండవ పథకంలో ప్రయోజనం పరిమితం, కాని ఎక్కువ మందికి అందుబాటులో ఉంటుంది.

రాజీవ్ గాంధీ పథకం

ఈ పథకం క్రింద మూడు సందర్భాలలో మాత్రమే భృతి లభిస్తుంది. కర్మాగారం లేదా సంస్థ చట్టప్రకారం మూతపడడం, చట్టప్రకారం ఉద్యోగుల కుదింపు అనగా రిట్రెంచ్‌మెంట్ జరగడం, విధి నిర్వహణతో సంబంధం లేని ప్రమాదం వలన 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలిగి ఉద్యోగం పోవడం. విధి నిర్వహణలో గాయపడిన వారికి వైకల్య ప్రయోజనం వేరుగా ఉన్నందున వారు ఈ మూడవ వర్గంలోకి రారు.

ప్రారంభంలో అయిదేండ్ల బీమా కాలం ఉన్నవారికి ఆరు నెలల పాటు మాత్రమే భృతి లభించేది. అనంతరం వచ్చిన సవరణలలో అర్హతా కాలాన్ని తగ్గించి, భృతి కాలాన్ని గరిష్ఠంగా 24 నెలలకు పెంచడం జరిగింది. మొదటి 12 నెలలు సగటు వేతనంలో 50 శాతం, తదుపరి 12 నెలలు 25 శాతం చొప్పున చెల్లిస్తారు. భృతి పొందుతున్న కాలంలో కార్మికునికి, అతని కుటుంబానికి ఇ.ఎస్.ఐ. వైద్య సేవలు కొనసాగుతాయి. వృత్తి నైపుణ్యం పెంచుకొనేందుకు శిక్షణ సదుపాయం కూడా పథకంలో భాగమే.

అటల్ బీమిత్ పథకం: 78 రోజుల లెక్క

ఈ పథకం మొదట రెండేండ్ల కాలానికి ప్రయోగాత్మకంగా ప్రారంభమైనది. ఆనాటి నియమాల ప్రకారం నాలుగు వరుస చందా కాలాలలో ప్రతిదానిలోను కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉండవలసి వచ్చేది. సగటు దినసరి ఆదాయంలో 25 శాతం మాత్రమే లభించేది. ఉద్యోగం పోయి 90 రోజులు గడచిన తరువాతనే క్లెయిము పరిశీలనకు వచ్చేది.

కోవిడ్ కారణంగా లక్షలాది మంది ఉపాధి కోల్పోయిన నేపథ్యంలో 2020 ఆగస్టులో ఇ.ఎస్.ఐ. సంస్థ ఈ నియమాలను సడలించింది. భృతిని 50 శాతానికి పెంచింది. నిరీక్షణ కాలాన్ని 90 రోజుల నుండి 30 రోజులకు తగ్గించింది. పాత యజమాని ద్వారానే క్లెయిము పంపవలెనన్న నిబంధనను తొలగించి, కార్మికుడు నేరుగా బ్రాంచి కార్యాలయానికి సమర్పించుకొనే వీలు కల్పించింది. తదనంతరం పథకం గడువు పలుమార్లు పొడిగింపబడినది.

సడలించిన నియమాల ప్రకారం అర్హతలు ఈ విధంగా ఉన్నాయి.

1. ఉద్యోగం పోవడానికి ముందు కనీసం రెండేండ్ల పాటు బీమా వర్తించే ఉద్యోగంలో ఉండి ఉండవలెను.

2. ఉద్యోగం పోవడానికి వెనువెంటనే ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉండవలెను.

3. ఆ రెండేండ్లలోని మిగిలిన మూడు చందా కాలాలలో ఏదో ఒకదానిలోనైనా కనీసం 78 రోజులకు చందా జమ అయి ఉండవలెను.

4. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు బీమా వ్యక్తి రికార్డుకు అనుసంధానమై ఉండవలెను.

5. ఒకరి కంటె ఎక్కువ మంది యజమానుల వద్ద బీమా క్రింద పనిచేస్తున్న పక్షంలో అందరి వద్దా ఉపాధి పోయి ఉండవలెను.

చందా కాలం అనగా ఆరు నెలల అవధి. ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు మరొకటి. ఉదాహరణకు ఒక స్పిన్నింగు మిల్లు కార్మికుడు 2024 నవంబరు 20న ఉద్యోగం కోల్పోయినాడనుకుందాం. అతనికి వెనువెంటనే ముందున్న చందా కాలం 2024 ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు. ఆ కాలంలో 78 రోజులకు చందా తప్పనిసరిగా ఉండవలెను. 2023 అక్టోబరు–2024 మార్చి, 2023 ఏప్రిల్–సెప్టెంబరు, 2022 అక్టోబరు–2023 మార్చి, ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు ఉండవలెను. రెండేండ్లుగా పనిచేస్తున్నప్పటికీ, చివరి చందా కాలంలో పని దొరకక 60 రోజులకే చందా జమ అయి ఉంటే అర్హత లభించదు. మిల్లులు మూతపడే ముందు నెలల తరబడి పని దినాలు తగ్గించే సందర్భాలలో కార్మికులు ఈ లెక్కను ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది.

లభించే మొత్తం

నాలుగు చందా కాలాలలో పొందిన మొత్తం వేతనాన్ని 730తో భాగించగా వచ్చేది సగటు దినసరి ఆదాయం. నెలకు రూ.15,000 చొప్పున 24 నెలలు పనిచేసిన కార్మికుని మొత్తం వేతనం రూ.3,60,000. దానిని 730తో భాగిస్తే రోజుకు సుమారు రూ.493 అవుతుంది. అందులో 50 శాతం చొప్పున రోజుకు సుమారు రూ.246, గరిష్ఠంగా 90 రోజులకు సుమారు రూ.22,190 లభిస్తుంది. పాత 25 శాతం రేటు ప్రకారం ఇది రూ.11,100కు లోపే ఉండేది.

నాలుగు చందా కాలాలలోను పూర్తిగా పనిచేయని వారికి మొత్తం వేతనం తక్కువగా ఉన్నప్పటికీ భాగహారం 730తోనే జరుగుతుంది. కనుక వారి భృతి ఆ మేరకు తగ్గుతుంది. ఈ భృతి జీవితకాలంలో ఒకసారికి, గరిష్ఠంగా 90 రోజులకు పరిమితం. దానిని ఒకే విడతలో గాని, నెలకు తగ్గకుండా వేర్వేరు విడతలలో గాని పొందవచ్చును. గడచిన నిరుద్యోగ దినాలకే భృతి లభిస్తుంది. రాబోయే రోజులకు ముందస్తుగా కోరే వీలు లేదు.

భృతి లభించని సందర్భాలు

ఉద్యోగం పోయిన ప్రతి ఒక్కరికీ భృతి లభించదు. అటల్ బీమిత్ పథకం క్రింద ఈ దిగువ సందర్భాలలో కార్మికులు అనర్హులు అవుతారు.

– క్రమశిక్షణా చర్యల ఫలితంగా ఉద్యోగం నుండి తొలగింపబడినవారు.

– స్వచ్ఛందంగా పని మానివేసినవారు, స్వచ్ఛంద పదవీ విరమణ లేదా ముందస్తు విరమణ తీసుకొన్నవారు.

– పదవీ విరమణ వయస్సు నిండినవారు.

– లాకౌట్ లేదా చట్టవిరుద్ధమని ప్రకటింపబడిన సమ్మె కారణంగా పనిలేక ఉన్నవారు.

– తప్పుడు ప్రకటన చేసి ప్రయోజనం పొందిన నేరంపై శిక్ష పడినవారు.

– భృతి కాలంలోనే మరొక ఉద్యోగంలో చేరినవారు. వీరికి చేరిన నాటి నుండి భృతి నిలిచిపోతుంది.

అస్వస్థతా ప్రయోజనం వంటి ఇతర నగదు ప్రయోజనాలను, ఈ భృతిని ఒకే కాలానికి కలిపి పొందరాదు. అయితే శాశ్వత వైకల్యం క్రింద నెలనెలా లభించే చెల్లింపులకు ఆటంకం ఉండదు.

రాజీనామా పత్రం విషయమై జాగ్రత్త

పై అనర్హతలలో కార్మికులు ప్రధానంగా గుర్తుంచుకొనవలసినది రెండవది. సిబ్బందిని తగ్గించదలచిన యాజమాన్యాలు కొన్ని సందర్భాలలో తొలగింపు ఉత్తర్వు ఇవ్వక, బకాయి జీతం వెంటనే చెల్లిస్తామని చెప్పి రాజీనామా పత్రంపై సంతకం కోరడం జరుగుతుంది. సంతకం చేసిన కార్మికుడు, రికార్డుల ప్రకారం, స్వచ్ఛందంగా పని మానివేసిన వాడవుతాడు. తనను తొలగించినారని అనంతరం చెప్పినా, స్వహస్తంతో ఇచ్చిన కాగితమే అతనికి అడ్డు వస్తుంది. తెలుగులో చదవడమే అంతంతమాత్రంగా వచ్చిన వారి చేత ఇంగ్లీషు పత్రంపై సంతకం చేయించిన పక్షంలో నష్టం మరింత తీవ్రంగా ఉంటుంది.

ఇదే విధంగా, యజమాని నెలవారీ చందా వివరాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేసేటప్పుడు ఏ కార్మికునికైనా సున్నా పని దినాలు చూపిస్తే దానికి కారణాన్ని కూడా నమోదు చేయవలసి ఉంటుంది. ఉద్యోగం వదలినట్లు, పదవీ విరమణ చేసినట్లు, రిట్రెంచ్‌మెంట్ జరిగినట్లు, సమ్మె లేదా లాకౌట్ ఉన్నట్లు వేర్వేరుగా నమోదుకు వీలున్నది. గుమస్తా అలవాటుగా “ఉద్యోగం వదలినారు” అన్న కారణాన్ని ఎంచుకొంటే, వాస్తవంగా తొలగింపబడిన కార్మికుని క్లెయిము పరిశీలనలో చిక్కులు ఏర్పడతాయి.

కనుక ఉద్యోగం వీడే సమయంలో కార్మికులు తొలగింపునకు కారణాన్ని తెలిపే పత్రాన్ని రాతపూర్వకంగా కోరవలెను. చదివి వినిపించని కాగితంపై సంతకం చేయరాదు. సంతకం చేసిన ప్రతి పత్రానికి నకలు తీసుకొనవలెను. జీతం చీటీలు, నియామక పత్రం, గుర్తింపు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం భద్రపరచుకొనవలెను.

దరఖాస్తు చేయు విధానం

అటల్ బీమిత్ పథకం క్రింద భృతి కోరేవారు ఇ.ఎస్.ఐ. సంస్థ వెబ్‌సైటులో బీమా సంఖ్యతో ప్రవేశించి ఎ.బి.–1 ఫారములో క్లెయిము నమోదు చేయవలసి ఉంటుంది. ప్రారంభంలో రూ.20 విలువ గల స్టాంపు కాగితంపై ప్రమాణ పత్రం సమర్పించవలసి ఉండేది. 2020లో చేసిన మార్పు ప్రకారం అవసరమైన పత్రాలను ఆన్‌లైన్‌లోనే జతపరచిన వారికి ఆ అవసరం తొలగింది. పత్రాలను జతపరచలేని వారు క్లెయిము ప్రతిని ముద్రించి, సంతకం చేసి, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లతో తమ బ్రాంచి కార్యాలయంలో స్వయంగా గాని, తపాలా ద్వారా గాని అందజేయవచ్చును. బ్రాంచి కార్యాలయం పరిశీలించిన తరువాత మొత్తం నేరుగా కార్మికుని బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది.

దరఖాస్తుకు ముందే పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోను, బీమా రికార్డులోను ఒకే విధంగా ఉన్నదీ లేనిదీ సరిచూసుకొనడం మంచిది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా ఉండడం మన ప్రాంతంలో సర్వసాధారణం. ఇటువంటి తేడాలను ఉద్యోగంలో ఉండగా యజమాని ద్వారా సరిచేయించుకొనడం సులభం.

చందా జమ కాని పక్షంలో

జీతం నుండి చందా మినహాయించి కూడా యజమాని దానిని సంస్థకు జమ చేయని సందర్భాలు లేకపోలేదు. చందా వివరాలను బీమా వ్యక్తులు వెబ్‌సైటులోను, ఉమంగ్ యాప్ ద్వారాను చూసుకొనే సౌకర్యం ఉన్నది. ఆరు నెలలకొకసారి, అనగా అక్టోబరులోను, ఏప్రిల్‌లోను, గడచిన చందా కాలానికి ఎన్ని రోజులు నమోదైనవో సరిచూసుకొంటే లోపాలు సకాలంలో బయటపడతాయి. తేడా ఉన్నట్లయితే జీతం చీటీల నకళ్లతో బ్రాంచి కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. సంస్థ టోల్ ఫ్రీ నంబరు 1800–11–2526 ద్వారా కూడా సమాచారం పొందవచ్చును. తెలంగాణకు సంబంధించి హైదరాబాదులోను, ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి విజయవాడలోను సంస్థ ప్రాంతీయ కార్యాలయాలు పనిచేస్తున్నాయి. సువిధా సమాగమ్ పేరిట నెలనెలా జరిగే ఫిర్యాదుల పరిష్కార సమావేశాలలో కూడా సమస్యను విన్నవించుకొనవచ్చును.

భృతితో పాటు ఇతర హక్కులు

నిరుద్యోగ భృతి, యజమాని చెల్లించవలసిన పరిహారం ఒకటి కాదు. చట్టప్రకారం కుదింపునకు గురైన కార్మికునికి, నిరంతర సర్వీసు పూర్తిచేసిన ఒక్కొక్క సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున యజమాని పరిహారం చెల్లించవలసి ఉంటుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా ఈ లెక్కను కొనసాగించింది. దానితో పాటు కుదింపునకు గురైన కార్మికుల కొరకు నైపుణ్య పునఃశిక్షణ నిధిని ఏర్పరచింది. దీని క్రింద యజమాని 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తాన్ని జమ చేయవలెను. తొలగింపు జరిగిన 45 రోజులలోగా ఆ మొత్తం కార్మికుని ఖాతాకు చేరవలెను.

భవిష్య నిధిలోని సొమ్ము కార్మికుని సొంత పొదుపు. దానిని తీసుకొనడం వలన నిరుద్యోగ భృతికి అర్హత పోదు. అయితే వృద్ధాప్యానికి దాచుకొన్న సొమ్మును తాకక ముందే, చందాకు ప్రతిగా రావలసిన భృతిని కోరుకొనడం వివేకం.

సామాజిక భద్రతా స్మృతి కూడా 2025 నవంబరు 21నే అమలులోకి వచ్చి, 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం స్థానాన్ని ఆక్రమించింది. పాత చట్టం క్రింద ఏర్పడిన నియమాలు స్మృతికి విరుద్ధం కానంత వరకు పరివర్తన కాలంలో కొనసాగే ఏర్పాటు ఉన్నది. అటల్ బీమిత్ పథకం నిర్ణీత గడువులతో పొడిగింపబడుతూ వచ్చినందున, క్లెయిము చేసే నాటికి అమలులో ఉన్న గడువును, భృతి శాతాన్ని బ్రాంచి కార్యాలయంలో నిర్ధారించుకొనడం అవసరం.

ఉద్యోగం కోల్పోయిన కార్మికులు ఆలస్యం చేయక తమ బ్రాంచి కార్యాలయాన్ని సంప్రదించవలెను. తొలగింపు పత్రాలను సకాలంలో, సరియైన కారణంతో ఇవ్వడం యజమానుల బాధ్యత కాగా, వాటిని చదివి తీసుకొని భద్రపరచుకొనడం కార్మికుల బాధ్యత. కార్మిక సంఘాలు, కర్మాగారాలలోని సిబ్బంది విభాగాలు ఈ నియమాలను నోటీసు బోర్డులపై తెలుగులో ప్రదర్శించినట్లయితే, పని పోయిన రోజున కార్మిక కుటుంబం పొందగలిగిన ఆసరా అజ్ఞానం వలన చేజారిపోకుండా ఉంటుంది.